దొరసాని చేతులు

ఆ శుక్రవారం మధ్యాహ్నం దేశాయి గడీలో ఉన్నవాళ్ళు మొత్తం ఆరుగురు.

ముందుగా ఇంటి పెద్ద సంగప్ప దేశాయి. వయసు ఎనభై. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్కసారే తీసుకుపోయింది. తరువాత ఆయన కూతురు మల్లీశ్వరి. గడీ తాళాలన్నీ ఆమె నడుముకే వేలాడుతుంటాయి. పెద్దాయనను చూసుకునే నర్సు షైనీ. గేటు దగ్గర కావలి కిష్టప్ప. బజార్లో పటాలకు చట్రాలు కట్టే అబ్దుల్ వహాబ్, ఆ ఒక్కరోజు పని మీద వచ్చినవాడు. ఆరో మనిషి రిబ్కమ్మ. పన్నెండో ఏట ఈ గడీలో చీపురు పట్టింది, ఇప్పుడామెకు డెబ్బై రెండు.

డిటెక్టివ్ సలోమి ఆరు పేర్లూ నోటు పుస్తకంలో ఒకదాని కింద ఒకటి రాసుకుంది. ఆఖరి పేరు దగ్గర ఆమె కలం కాసేపు ఆగింది. దొంగ ఎవరో ఇంటివాళ్ళు అప్పటికే తేల్చేసుకున్నారు. రిబ్కమ్మ దివాన్‌ఖానా గడప బయట, నేల మీద, మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని కూర్చుంది. ఆమెనెవరూ కట్టేయలేదు. అయినా కట్టేసినట్టే కూర్చుంది.

పోయింది నగ కాదు, నట్ర కాదు. గోడ మీది పటంలోంచి ఒక ముక్క.

మల్లీశ్వరి నాయనమ్మ బసమ్మ దొరసాని కొడుకును ఒడిలో పెట్టుకుని కూర్చున్న పటం అది. మనిషంత ఎత్తు. ఎప్పుడో నిజాం పాలన ఆఖరి రోజుల్లో బీదర్ నుంచి ఒక చిత్రకారుణ్ణి పిలిపించి నూనె రంగులతో వేయించారు. ఒడిలో ఉన్న పసివాడే ఇప్పటి సంగప్ప. పట్నంలో ఒక ప్రైవేటు మ్యూజియం వాళ్ళు గడీల పటాలన్నీ ఒకచోట పెడుతున్నారు. మల్లీశ్వరి ఈ పటాన్ని వాళ్ళకు ఇస్తానని మాటిచ్చింది. పొద్దున పదకొండింటికి దాన్ని గోడ మీంచి దింపారు. మధ్యాహ్నం ఒంటి గంటా యాభైకి చూస్తే, పటం నడుమ రెండు జానల వెడల్పున రంధ్రం.

"అక్కా, జల్దీ రా. అవ్వను పోలీసులకు పట్టిస్తరట. నాలుగింటికి ఎస్సై వస్తడట" అని షైనీ ఫోన్ చేసేసరికి సలోమి మనూరులో తండ్రి ఇంట్లో ఉంది. అన్నం పళ్ళెం అలాగే వదిలేసి షేర్ ఆటో ఎక్కింది. షైనీ వాళ్ళ ఇల్లూ సలోమి వాళ్ళ ఇల్లూ ఒకే వాడలో. ఆ పిల్ల ఊరికే పరేషాన్ అయ్యే రకం కాదు.

ఇప్పుడు గడియారం మూడు చూపిస్తోంది. చేతిలో ఉన్నది ఒక్క గంట.

"చాచా, పటం కోసిన కట్టర్ మీదేనా?" అని సలోమి మొదట వహాబ్‌ను అడిగింది.

"నాదే బేటీ." వహాబ్ తల ఊపాడు. "పన్నెండు యాభైకి జుమ్మా నమాజుకు పోయిన. కట్టర్ను పటం పక్కన చెక్కపెట్టె మీద పెట్టిన. కత్తి జేబుల ఏసుకొని మసీదుకు పోతనా? పోయి వచ్చేసరికి గిట్ల. నలభై ఏండ్ల సంది చట్రాలు కడుతున్న. ఒక్క పటానికి గీత పడలే."

"పటం ఎట్ల పెట్టిపోయిన్రు?"

"నేల మీదనే, గోడకు ఆనిచ్చి. గోడకున్న కొక్కేలు గుంజుతుంటే సున్నం పెచ్చులు పెచ్చులు పడ్డది. ఊడ్వమని చెప్దామనుకున్న, అమ్మగారు వద్దన్నది."

"వద్దన్నదా?"

దానికి జవాబు మల్లీశ్వరే ఇచ్చింది. "మా నాయనమ్మ ఇల్లు దాటిపోతున్నట్టే గదా. పటం గడప దాటిందాక ఎవరూ చీపురు ముట్టొద్దని పొద్దుననే చెప్పిన. అందరికీ చెప్పిన." ఆ 'అందరికీ' అన్నప్పుడు ఆమె చూపు గడప బయటికి పోయింది. "ఒంటిగంట ఇరవైకి అది ఊడ్చింది. కిష్టప్ప చూసిండు. సున్నం తట్టల ఎత్తుకపోయి బయట పారబోసిందట. అరవై ఏండ్లల్ల నా మాట, మా అమ్మ మాట ఒక్కసారి దాటని మనిషి ఇయ్యాల దాటింది. ఇగ నీకు ఇంకేం సబూత్ కావాలె?"

"ఇంకొకటి కూడా ఉంది. సలోమి మేడంకు అది నేను చెప్తా."

తలుపు దగ్గర హస్నైన్ నిలబడి ఉన్నాడు. మ్యూజియం తరఫున పటాలు చూసి, సరిచూసి, తీసుకుపోయే మనిషి. దొంగ పటాల కేసులు పట్టడంలో పేరున్నవాడు. పోయిన సంవత్సరం ఒక కేసులో సలోమి కంటే ఒక్కరోజు ముందు దొంగను పట్టుకున్నాడు, ఆ ఒక్కరోజును ఆమెను ఇప్పటికీ మరిచిపోనివ్వడు. ఇస్త్రీ మడతలు చెదరని చొక్కా, చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి. సంచిలో కట్టర్ ఉంది.

"అవ్వ గదిల, ట్రంకు పెట్టెల, బైబిల్ కింద, పాత చీర ముక్కల చుట్టి పెట్టింది. రెండుంబావుకు నేనే తీసిన. మీరు అప్పటికి ఆటోల ఊగుతూ వస్తున్నరనుకుంట."

"పటం ముక్క దొరికిందా?"

"దొరుకుతది."

"అంటే దొరకలే." సలోమి రిబ్కమ్మ ముందు గొంతుకూర్చుంది. "అవ్వా, నేను మనూరు కాలేబు బిడ్డను. షైనీ పిలిస్తే వచ్చిన. కట్టర్ నీ పెట్టెలకు ఎట్ల వచ్చింది?"

రిబ్కమ్మ ఆమె ముఖంలోకి చూసింది. కళ్ళలో భయం లేదు. ఎవరికో కాపలా ఉన్నట్టు చూసింది. "ఎండల వచ్చినవు బిడ్డా. కుండల నీళ్ళున్నయి, తాగు" అని చేత్తో కుండ దిక్కు చూపింది. అంతే.

"ఇదే వరస. గంట సంది నీళ్ళు తాగు, ఛాయ్ తాగు. జవాబు మాత్రం లేదు" అన్నాడు హస్నైన్.

సలోమి లేచి దివాన్‌ఖానాలోకి వెళ్ళింది.

లోపల రెండు పటాలు. ఒకటి గోడ మీదే ఉంది, బసమ్మ దొరసాని మామగారిది. సలోమి తండ్రి కాలేబు బోర్డులు రాసే పెయింటరు. ఆరేళ్ళు పోలీసు శాఖలో వేలిముద్రలు చూసిన అనుభవం కంటే, చిన్నప్పుడు తండ్రి నిచ్చెన కింద రంగుడబ్బా పట్టుకుని నిలబడ్డ అనుభవమే ఆమెకు ఎక్కువసార్లు పనికొచ్చింది. బొమ్మలో ఉన్న ప్రతి వస్తువుకూ ఒక ఉద్యోగం ఉంటుందని నాయన చెప్పేవాడు. గోడ మీది దొర కాలి కింద తివాచీ, ఆ కాళ్ళకు బూట్లు. ఊళ్ళో అందరూ చెప్పులు చేతబట్టుకుని నడిచే వీధిలో ఈయన ఇంట్లో కూడా బూట్లతో ఉంటాడని చెప్పడం వాటి పని. కుడిచెయ్యి కత్తి పిడి మీద, ఎడమచెయ్యి పుస్తకం మీద. కత్తి ఒర దాటి ఎప్పుడూ బయటికి రాలేదేమో, పుస్తకం ఎప్పుడూ తెరవలేదేమో. అయినా అవి రెండూ అక్కడ ఉండాలి. గడ్డం కొంచెం పైకెత్తి, కళ్ళు కిందికి దించి వేశాడు చిత్రకారుడు. ఆ పటం ముందు ఎక్కడ నిలబడ్డా మనం ఆయన కంటే తక్కువే.

రెండోది గోడకు ఆనించి ఉన్న దొరసాని పటం. అది చెప్పాల్సింది ఒక్కటే మాట: మాకు వారసుడున్నాడు. అందుకే సింహాల చేతుల కుర్చీ, జరీ చీర, మెడ నిండా నగలు, ఒడిలో టోపీ పెట్టిన పసివాడు. ఇప్పుడు ఆ పసివాడి నడుము దగ్గర ఖాళీ. ఆ ఖాళీలోంచి వెనక గోడ కనిపిస్తోంది. నిన్నటిదాకా తల్లి చేతుల్లో ఉన్న పిల్లాడు, ఇప్పుడు ఎవరూ పట్టుకోకుండా గాల్లో తేలుతున్నాడు. 

మోకాళ్ళ మీద కూర్చుని కోత అంచులు చూసింది. టేపు తీసి కొలిచింది. నేల నుంచి రంధ్రం కింది అంచు రెండడుగుల నాలుగంగుళాలు, పై అంచు మూడడుగులు. చతురస్రంగా కోయలేదు. చేతుల గీత వెంబడే, వేలు వేలునా తిరుగుతూ కోశారు. ఒక వేలు దగ్గర కత్తి జారి పిల్లాడి బట్టలోకి పోబోయి, ఆగి, వెనక్కి వచ్చింది. పిల్లాడికి గీత పడకూడదని ఎంత జాగ్రత్త పడ్డారో! కోత నిండా వణుకు. ప్రతి కోతా కుడి పక్కన మొదలై ఎడమ పక్కకు లాగినట్టుంది.

"హస్నైన్ సాబ్, పొద్దున పటం మొత్తం ఫోటో తీసిండ్రా?"

"పదకొండున్నరకు తీసిన. పన్నెండింటికి నేను భోజనానికి బజారుకు పోయిన, మళ్ళ వచ్చేసరికి రెండు. అడగకముందే చెప్తున్న, మీ లిస్టుల నా పేరు కూడా రాసుకుంటరేమో అని." అతను ఫోన్ ఆమె చేతికిచ్చాడు. "ఎందుకు కోసిందో కూడా చెప్తా వినండి. వేలికి పచ్చరాయి ఉంగరం కనిపిస్తుందా? ఆ ఉంగరం ఇంట్ల లేదు. అమ్మగారు పుట్టినప్పటి సంది చూడలేదు. రేపు పటం పట్నంల పెడితే, వెయ్యిమంది చూస్తరు, ఉంగరం ఏదని అడుగుతరు. ఉంగరం తీసినోళ్ళకే ఆ భయం. ఉంగరం ఉన్న చేతిని మాయం చేస్తే పీడ పోతది. ఇంత సీదా కథ."

సలోమి ఫోటోను రెండు వేళ్ళతో పెద్దది చేసింది. చాలాసేపు చూసింది.

"సాబ్, ఈ ఉంగరానికి నీడ ఉందా?"

"ఏంది?"

"గాజులకు నీడ ఉంది. వేళ్ళ నడుమ నీడ ఉంది. ఉంగరానికి లేదు. చెయ్యి మొత్తం వేసి, రంగు ఆరినంక ఉంగరం పైనుంచి పెట్టిండు. ఆ వేలి కణుపు చూడండి, ఎంత ఉబ్బి ఉందో. ఈ ఉంగరం ఆ కణుపు దాటి ఎక్కదు. దొరసాని వేలికి ఉంగరం లేకపోతే బాగుండదని ఎవరో చెప్పి వేయించిన్రు. లేని ఉంగరాన్ని ఎవరు దొంగిలిస్తరు?"

హస్నైన్ ఫోన్ తీసుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. అతని నవ్వు కొంచెం తగ్గింది.

"ఇంకో సంగతి. ముఖం చూడండి, చేతులు చూడండి" అంది సలోమి. "ఒక్క మనిషివేనా?"

ముఖం తెల్లగా, నున్నగా, చిన్న ఫోటోను చూసి పెద్దది చేసినట్టు చదునుగా ఉంది. సంతోషమో, దిగులో, అలసటో ఏమీ చెప్పదు. చేతులు అలా లేవు. రంగుకు ఎంత తెలుపు కలిపినా చామనఛాయ ఆగలేదు. వేళ్ళు మొద్దుగా, గోళ్ళు అరిగి ఉన్నాయి. ఒక అరచెయ్యి పిల్లాడి వెన్నుకు ఆని ఉంది, ఇంకొకటి పొట్ట మీద. బిడ్డను ఎత్తడం అలవాటైన చేతులు. అటూ ఇటూ కదిలే పిల్లవాణ్ణి నొప్పి తెలియకుండా ఆపడం తెలిసిన చేతులు. గాజుల చాటున, మణికట్టు మీద, పచ్చగా ఒక తేలు బొమ్మ. పచ్చబొట్టు. చిత్రకారుడు కంటికి కనిపించింది కనిపించినట్టు వేశాడు, తరువాత ఎవరో చెబితే గాజులు రెండు కిందికి జరిపాడు. అయినా తేలు తోక బయటికే ఉంది.

"అమ్మా, మీ నాయనమ్మకు పచ్చబొట్టు ఉండెనా?"

మల్లీశ్వరి ముఖం గంటు పెట్టుకుంది. "మా ఇంటి ఆడోళ్ళకు పచ్చబొట్లా? మా నాయనమ్మ ఘోషల ఉండేది. బండి ఎక్కితే నాలుగు దిక్కుల పరదాలు. ఆమె గోరు కూడా పరాయోడు చూడలే."

"మరి బీదర్ నుంచి వచ్చిన పరాయి మొగోడు ఆమెను కూసోబెట్టి ఎట్ల వేసిండు?"

 గడప బయట రిబ్కమ్మ తల మెల్లగా పైకి లేచింది.

"మా నాయన ఎన్నికలప్పుడు నాయకుల బొమ్మలు వేసేటోడు" అంది సలోమి. "తెల్ల అంగీ, కండువా, దండం పెట్టే చేతులు ముందే వేసి ఎండబెట్టేటోడు. తల మాత్రం ఫోటో వచ్చినంక. ఒక్కటే ఒంటికి ముగ్గురు నాయకుల తలలు మారినయి ఒకసారి. ఆ దండం పెట్టే చేతులు ఎవరివో ఎరుకేనా? మా మేనమామవి. గడీ పటం కూడా అంతే. ముఖం దొరసానిది, ఫోటో చూసి వేసిండు. ఒళ్ళు, చేతులు దొరసాని చీర కట్టుకుని కూసున్న ఇంకో మనిషివి."

"కథ మంచిగుంది" అన్నాడు హస్నైన్. "కానీ కట్టర్ అవ్వ పెట్టెల ఉంది. అడుగుల గుర్తులు పోవాలని సున్నం ఊడ్చింది కూడా అవ్వనే. ఈ రెండిటికి మీ నాయన ఏం చెప్తడు?"

"అడుగుల గుర్తులా?" సలోమి అతని వైపు తిరిగింది. "రోజుకు పదిసార్లు ఆమె తిరిగే జాగ ఇది. ఆమె అడుగులు కనబడితే ఎవరన్నా ఏమన్న అంటరా? ఉండకూడని గుర్తులు ఉంటేనే ఊడుస్తరు. అరవై ఏండ్లల్ల దాటని మాట దాటి ఊడ్చిందంటే, తన గుర్తుల కోసం కాదు."

"మరి ఎవరివి?"

"కోసింది ఎడమచేత్తో. కోతలన్నీ కుడి నుంచి ఎడమకు గుంజినయి. అవ్వ నాకు ఇందాక కుండ దిక్కు చూపెట్టింది కుడిచేత్తో."

హస్నైన్ చప్పట్లు కొట్టాడు, మెల్లగా, మూడుసార్లు. "శాబాష్. కిష్టప్ప బీడీ కుడిచేత్తో తాగుతడు. వహాబ్ భాయ్ సుత్తి కుడిచేత్తో పడతడు. షైనీ సూది కుడిచేత్తో ఇస్తది. అమ్మగారు సంతకం కుడిచేత్తో పెట్టింది, నేను చూసిన. ఈ ఇంట్ల ఎడమచేతి వాటం మనిషే లేడు మేడం. మీ దొంగను ఎక్కడికెళ్ళి తెస్తరు?"

సలోమి నోటు పుస్తకం తెరిచి ఆరు పేర్ల మీద వేలు నడిపింది, మొదటి పేరు దగ్గర ఆగింది.

ఎడమచేతి వాటం మనిషి లేడు, నిజమే. ఎడమచెయ్యి ఒక్కటే మిగిలిన మనిషి ఉన్నాడు.

నోటు పుస్తకం మడిచి, "పదినిమిషాలు ఇయ్యండి" అంది. హస్నైన్ చేతి గడియారం చూసుకున్నాడు. "తీసుకోండి. నాలుగింటికి ఇంకా ఇరవై ఉంది. నేను, అమ్మగారు గేటు కాడ ఉంటం."

షైనీ వరండాలో మందులు సర్దుతోంది. సలోమి ఆమెను పక్కకు పిలిచింది.

"మధ్యాహ్నం దొర ఎక్కడున్నడు?"

"ఒంటిగంటకు జావ తాగిపిచ్చిన అక్కా. చక్రాల కుర్చీల కూసోబెట్టి, రోజులెక్కనే కిటికీ కాడ పెట్టి నేను తిననీకి పోయిన. అక్కడినుంచి ఆయనకు దివాన్‌ఖానల పటం కనిపిస్తది. రెండేండ్ల సంది అదే చూస్తుంటడు. పొద్దున దాన్ని దింపుతుంటే పసిపిల్లగాని లెక్క ఏడ్చిండు. అమ్మ పటం గదా అనుకున్నం." షైనీ కొంచెం ఆలోచించింది. "రోజూ రెండింటికి అంగీ మారుస్తం. ఇయ్యాల మార్చనియ్యలే. చెయ్యి పెట్టబోతే నూకిండు. ఎన్నడు గట్ల చెయ్యడు."

"అందరి గదులు సోదా చేసిన్రు. దొర గది చేసిన్రా?"

"దొర గదినా?" షైనీ ఆమెను వింతగా చూసింది. "ఎవరు చేస్తరక్కా?"

సంగప్ప గది దివాన్‌ఖానా పక్కనే. కిటికీ దగ్గర చక్రాల కుర్చీ ఖాళీగా ఉంది. సలోమి వంగి చక్రం మీద వేలు పెట్టి రాసింది. రబ్బరు గీతల సందుల్లో తెల్లగా సున్నం. ఈ గదిలో ఎక్కడా సున్నం రాలలేదు. రాలింది దివాన్‌ఖానాలో, పటం కింద మాత్రమే, అది కూడా ఇవాళ పదకొండింటి తరువాతే. ఒక చేత్తో చక్రం తిప్పితే కుర్చీ గుండ్రంగా తిరుగుతుంది. ఎడమ కాలితో నేలను తన్నుకుంటూ, తిరిగిపోతున్న కుర్చీని మళ్ళీ మళ్ళీ సరిచేసుకుంటూ, పదిహేను అడుగులు పోవడానికి ఆ ముసలాయనకు ఎంతసేపు పట్టి ఉంటుంది? ఆ కుర్చీలో కూర్చుంటే చెయ్యి అందే ఎత్తు, పటంలో రంధ్రం ఉన్న ఎత్తు.

మంచం మీద సంగప్ప దేశాయి కళ్ళు తెరిచే ఉన్నాడు. దివాన్‌ఖానా గోడ మీది తాత గడ్డమే ఆయనది కూడా. కానీ చిత్రకారుడు ఆ గడ్డానికి ఎక్కించిన గర్వం ఇక్కడ లేదు. ఎడమచెయ్యి అంగీ గుండీల మీద ఉంది. బొటనవేలి గోటి సందులో గోధుమరంగు పొడి. ఎండిన పాత రంగు.

"దొరా, నేనేం తీసుకోను" అంది సలోమి. "ఒక్కసారి చూస్తా."

ఆయన చూపు ఆమె ముఖం మీద నిలిచింది. చాలాసేపటికి ఆ చెయ్యి కొంచెం పక్కకు జరిగింది. అంగీ లోపల, వడలిన రొమ్ము మీద, ఒక కాన్వాసు ముక్క. రెండు చేతులు. ఒకటి పైన, ఒకటి కింద. పటంలో పసివాణ్ణి పట్టుకున్నట్టే ఇప్పుడు ఈ ముసలివాణ్ణి పట్టుకుని ఉన్నాయి.

సలోమి గుండీ పెట్టేసింది. 

వెనక నుంచి మెల్లగా మాట వినిపించింది. "చూసినవా బిడ్డా."

రిబ్కమ్మ గది గుమ్మంలో నిలబడి ఉంది.

సలోమి ఆమె చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకొచ్చింది. "ఆ చేతులు ఎవరివి అవ్వా?"

"మా అమ్మవి. ఎస్తేరమ్మ." రిబ్కమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఏడుపు మాత్రం లేదు. "నాకంటే ముంగట ఒక కొడుకు పుట్టి పదో దినం పోయిండట. ఆ పాలు దొరకు ఇచ్చింది. దొరసానికి పాలు లేకుండె. బొమ్మలోడు వస్తే దొరసాని వానెదుట కూసోవద్దు గదా, పరువు. మా అమ్మకు తానం చేపిచ్చి, దొరసాని చీర కట్టి, నగలు పెట్టి తొమ్మిది దినాలు ఆ కుర్చీల కూసోబెట్టిన్రు. పిలగాడు కూడా మా అమ్మ ఒళ్ళె తప్ప ఆగడాయె. పదో దినం చీర ఇప్పించి పశువుల కొట్టంల పనికి తోలిన్రు. నాకు పన్నెండేండ్లున్నప్పుడు సచ్చిపోయింది. ఫోటో లేదు, ఏం లేదు. మొఖం యాదికి తెచ్చుకుందామంటే ఆ దొరసాని మొఖమే అడ్డమొస్తది. చేతులు మాత్రం అక్కడున్నయి. అరవై ఏండ్లు మా అమ్మ చేతుల కిందనే ఊడ్చిన బిడ్డా."

"దొరకు ఎట్ల తెలుసు?"

"మా అమ్మ పోయేటప్పటికి ఆయనకు ఇరవై ఏండ్లు. తెల్వదా? ఎన్నడు నోరు తెరిచి అనలే. ఇయ్యాల నేను పోయేసరికి సగం కోసిండు. ఒళ్ళంత చెమట. కండ్లు నా మొఖం మీదనే. నేను చట్రం పట్టుకున్న, కదలకుంట. అయినంక కట్టర్ గుంజుకొని, కుర్చీని గదిలకు నూకి, సున్నం ఊడ్చిన."

"అవ్వా, ఈ మాట ఇప్పుడే చెప్తా. నీ మీద ఏం రాదు. చక్రాలకు సున్నం ఉంది, గోటిల రంగుంది..."

"చెప్తే ఏం చేస్తరు?" రిబ్కమ్మ అడ్డుకుంది. గొంతు పెరగలేదు, కానీ అరవై ఏళ్ళలో మొదటిసారి ఎవరినో ఎదిరిస్తున్నట్టుంది. "అంగీల చెయ్యి పెట్టి గుంజుకుంటరు. వహాబ్‌తోని అతికిస్తరు. పట్నం తీసుకపోతరు. మాట రానోడు, వద్దని కూడా అనలేడు. దవాఖానోళ్ళు పది దినాలు కూడా బతుకడన్నరు. పోనియ్యి. దాన్ని పట్టుకొని పోనియ్యి."

"అవి మీ అమ్మవి అవ్వా. నీకేం మిగులుతది?"

"నాకంటే ఎక్కువ ఆయన్నే ఎత్తుకున్నయి ఆ చేతులు. నేను పుట్టేసరికే అలసిపోయినయి."

గేటు దగ్గర జీపు ఆగిన చప్పుడైంది. కిష్టప్ప సలాం చేస్తున్న గొంతు. తరువాత మల్లీశ్వరి తాళాల గలగల, హస్నైన్ బూట్ల చప్పుడు వరండా మలుపు తిరిగి దగ్గరయ్యాయి.

"అవ్వా, జైలుకు పోతవు" అంది సలోమి. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"నువ్వు మంచి బిడ్డవు. కాలేబుకు చెప్పు."

హస్నైన్ వాళ్ళిద్దరినీ చూసి ఆగాడు. "పదినిమిషాలు అయిపోయినయి మేడం. మీ ఎడమచేతి మనిషి దొరికిండా?"

సలోమి ఊపిరి పీల్చుకుంది. చెప్పడానికే పీల్చుకుంది. కానీ ఆమె కంటే ముందు రిబ్కమ్మ మాట్లాడింది, వరండా చివర ఉన్న కిష్టప్పకు కూడా వినపడేలా.

"నేనే కోసిన, చిన్న దొరసాని. ఉంగరం కోసమే కోసిన. ముక్కను పొయ్యిల ఏసిన. ఇగ దొరకదు."

మల్లీశ్వరి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చిన్నప్పుడు తనను ఎత్తుకు తిరిగిన మనిషి నోట ఆ మాట వినాలని ఆమె కూడా అనుకోలేదేమో, కోపం రావాల్సిన చోట కళ్ళలో నీళ్ళొచ్చాయి. హస్నైన్ మాత్రం రిబ్కమ్మను కాదు, సలోమిని చూశాడు. నీడ లేని ఉంగరం గురించి అతనికీ తెలుసు.

"ఉంగరం లేదు!" సలోమి అరిచింది. "అబద్ధం చెప్తుంది! నాతోని రండి, చూపిస్తా..."

ఆమె సంగప్ప గది వైపు రెండడుగులు వేసింది. డెబ్బై రెండేళ్ళ రిబ్కమ్మ అంత తొందరగా కదలగలదని ఆమె అనుకోలేదు. ముసలామె అప్పటికే గుమ్మం దాటి లోపల ఉంది.

"నాలుగింటి మందు తాగిపిచ్చి వస్త, ఎస్సైను కూసోమనున్రి" అంది అందరితో. తరువాత సలోమి ఒక్కదానికే వినబడేలా, "నా కడుపున పుట్టినదానివే అనుకుంట, లోపటికి రాకు" అంది.

సలోమి చెయ్యి చాచేలోపే రెండు రెక్కలూ దగ్గరికొచ్చాయి. ఆమె ముఖం మీదే తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది.